ఇసెకై హీరోకు వరుసలు తెలియవు!

మీ అబ్బాయి పొద్దున లేచింది మొదలు ఫోన్‌లో ఇసెకై చూస్తున్నాడా? తిట్టకండి. వీలైతే వాడి కాళ్ళకు దండం పెట్టండి!

ఇసెకై అంటే ఏమిటని అడిగే అదృష్టవంతులు ఇంకా కొందరు ఉంటారు కాబట్టి చెబుతాను. జపాన్ బొమ్మల సీరియళ్ళలో ఇది ఒక రకం. పనీ పాటా లేని ఒక కుర్రాడు రోడ్డు దాటుతుంటాడు. లారీ గుద్దుతుంది. కళ్ళు తెరిచేసరికి ఇంకో లోకంలో ఉంటాడు. అక్కడ రాక్షసులు, డ్రాగన్లు, చెవులు సాగిన అడవి మనుషులు! వాడికి అక్కడ తల్లి లేదు, తండ్రి లేడు, ఆధార్ కార్డు లేదు. మరి ఎలా బతుకుతాడు?

మనుషులను కూడగట్టుకొని బతుకుతాడు. సత్రం నడిపే అమ్మ ఇంత పులుసు పోస్తుంది. కమ్మరి ముసలాయన కత్తి చేసి ఇస్తాడు. గాయాలకు మందు రాసే పిల్ల ఒకతె వెంట నడుస్తుంది. ఆమెను హీలర్ అంటారు. వీళ్ళందరినీ కలిపి 'పార్టీ' అంటారు. మన పార్టీల్లా కాదు, పని అయిపోయాక కూడా కలిసే ఉంటారు!

నాకు గద్వాల బస్టాండు దగ్గర విత్తనాల దుకాణం ఉంది. బేరాలు లేని మధ్యాహ్నాలు ఈ సీరియళ్ళు చూస్తూ గడుపుతాను. అలవాటు చేసింది మా అక్క రేణుకమ్మ కొడుకు మధు. డిగ్రీ అయ్యాక వాడు సర్కారు ఉద్యోగాల నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తూ మంచం మీద పడుకొని చూసిన ఇసెకైలకు లెక్క లేదు. ఆ రోజుల్లో వాడు ఇంట్లో మాట్లాడే మాటలు రెండే. ఒకటి 'ఊఁ'. రెండోది 'ఛార్జర్'.

పోరడు చెడిపోయాడని ఊరంతా అంది. నేను ఒప్పుకోలేదు. వలసలకు పేరుపడ్డ పాలమూరు పోరడు ఇసెకై చూసి చెడిపోతాడా? చేపపిల్ల ఈత చూసి చెడిపోతుందా?

అయ్యా, అసలు ఇసెకై కనిపెట్టింది ఎవరు? మనం కాదా? జపాన్ లారీ మనిషిని గుద్దుతుంది. మన లారీ మనిషిని ఎక్కించుకుంటుంది. అంతే తేడా! మన తాతలు ఇక్కడ లారీ ఎక్కి, కళ్ళు తెరిచేసరికి బొంబాయిలో ఉన్నారు. భాష తెలియదు. మనిషి తెలియడు. పక్కన ఇటుకలు మోసేవాణ్ణి 'ఏ ఊరన్నా మీది?' అని అడిగారు. వాడు ఊరి పేరు చెప్పగానే, ఆ ఊళ్ళో మన చిన్నాయన తోడల్లుడి మేనత్త ఉన్నట్టు ఠక్కున గుర్తొచ్చింది. ఇంకేముంది? ఇద్దరూ బావా బామ్మర్దులు! పొద్దుగూకేసరికి ఒకే పొయ్యి మీద రొట్టెలు కాలాయి.

దీన్ని మనవాళ్ళు వరుస కలపడం అంటారు. పరాయి మనిషిని పేరుతో పిలవకుండా అన్నా, అక్కా, మామా, అత్తా అని పిలిచి, చుట్టాన్ని చేసుకోవడం. ఒకసారి నోటితో వరుస పెట్టామంటే అది మాటే, వెనక్కి పోదు. జపాన్ దేవతలు హీరోలకు ఇచ్చే మంత్రశక్తులన్నీ దీని ముందు దిగదుడుపే!

మనవాడే ఆ లోకంలో పడ్డాడనుకోండి. దేవత ప్రత్యక్షమై 'నాయనా, వరం కోరుకో' అంటుంది. మనవాడు 'మీది ఏ ఊరమ్మా?' అంటాడు. రాక్షసరాజు గద ఎత్తుతాడు. 'ఏం బావా, గట్ల కోపానికొస్తవ్, అక్క మంచిగున్నదా?' అంటాడు. గద దిగుతుంది. చాయ్ వస్తుంది. పన్నెండు ఎపిసోడ్ల యుద్ధం పాతిక నిమిషాల్లో ఖతం!

అయితే జపాన్ హీరోకు ఒక పెద్ద లోపం ఉంది. ఎపిసోడ్‌కు ఒక ఆడపిల్ల వాడి పార్టీలో చేరుతుంది. సీరియల్ సగానికి వచ్చేసరికి చుట్టూ ఆడపిల్లలే. అందులో ఎవరు అక్క, ఎవరు చెల్లె, ఎవరు మరదలు? ఎవరు ఏమవుతారో వాడు అడగడు, వాళ్ళు చెప్పరు! వరుసలు తెలియని కథకు ముగింపు ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే అవి ఏళ్ళ తరబడి సాగుతాయి.

మా మధుకు వచ్చిన కష్టం దీనికి సరిగ్గా వ్యతిరేకం. వాడికి వరుసలు మరీ ఎక్కువ తెలిశాయి.

వాడికి అటవీ శాఖలో బీట్ ఆఫీసర్ ఉద్యోగం వచ్చింది. పోస్టింగ్ నల్లమల అడవి అంచున మన్ననూర్. గద్వాల పక్కన పత్తి చేల మధ్య పెరిగినవాడికి నల్లమల అంటే కొత్త లోకం కాదా? చీకటి పడితే అడవి దారికి గేటు మూస్తారు. లోపల పులులుంటాయి. సిగ్నల్ ఉండదు, అంటే ఇసెకై ఉండదు! బస్సెక్కే ముందు మా అక్క వాడికి ఒకటే ఉపదేశం చేసింది.

"ఆడ ఎవ్వర్నీ పేరువెట్టి పిలువకు బిడ్డా. వరుసవెట్టి పిలువు. కడుపునిండ బువ్వ దొర్కుతది."

మధు తల్లి మాట జవదాటలేదు. మొదటి రోజు సాయంత్రం అద్దె గది ముందు ఆకలితో నిలబడి, ఎదురింటి భాగ్యమ్మను "పెద్దమ్మా, జర మంచినీళ్ళిస్తవా?" అని అడిగాడు.

"పెద్దమ్మ అన్నంక ఉత్త నీళ్ళేంది బిడ్డా? వచ్చి కూసో," అంది భాగ్యమ్మ. జొన్నరొట్టె, పుంటికూర పప్పు పెట్టింది. సత్రం అమ్మ దొరికింది! మర్నాడు అడవి కాసే వాచర్ నాగేశ్‌ను బావా అన్నాడు. పులి అడుగుకూ చిరుత అడుగుకూ తేడా చూపించే తోడు దొరికాడు. హోటల్ ముసలాయన తాత అయ్యాడు. నెల తిరక్కుండా మా వాడి పార్టీ తయారైంది. మధు ఒకసారి భాగ్యమ్మను గుట్ట ఎక్కిస్తే సిగ్నల్ దొరికి, మా అక్క కూడా ఫోన్‌లో ఆమెను "అక్కా, మా పిలగాడు పైలం" అంటూ వరుస గట్టి చేసింది.

తర్వాత ఒక ఆదివారం మధు కాలికి ముల్లు దిగింది. భాగ్యమ్మ కూతురు అర్చన నాగర్‌కర్నూల్ దవాఖానలో నర్సు. సెలవుకు ఇంటికొచ్చి ఉంది. ముల్లు తీసి కట్టు కట్టింది. ఆ సాయంత్రం మధు సిగ్నల్ దొరికే గుట్ట ఎక్కి నాకు ఫోన్ చేశాడు.

"మామా, హీలర్ దొరికింది!"

నేను సంతోషించాను. విత్తనాలు కొనడానికి వచ్చినవాళ్ళకు కారణం చెప్పకుండా చాయ్ కూడా తాగించాను. వాడికీ నాకూ లెక్క తట్టలేదు. భాగ్యమ్మ పెద్దమ్మ అయితే, ఆమె కూతురు ఏమవుతుంది? చెల్లెలు! కడుపునిండా బువ్వ కోసం అన్న ఒక్క మాట వాడి జీవితానికి అడ్డం పడింది. శ్రావణం రాగానే వాడు మళ్ళీ గుట్ట ఎక్కాడు. 

"మామా, పెద్దమ్మ రాఖీ కొన్కొచ్చింది. అర్చనతోని కట్టిపిస్తదట. నువ్వు రా మామా!"

"అర్చన నిన్ను ఏమని పిలుస్తది రా?" అని అడిగాను.

"ఏమనది మామా. 'ఓ ఆఫీసరూ' అంటది."

నా ప్రాణం లేచి వచ్చింది. మన దగ్గర ఆడపిల్ల ఒక మొగపిల్లవాణ్ణి అన్నా అనకుండా, ఇంకేమీ అనకుండా, వరుస దగ్గర నాలుక మడిచిందంటే అర్థం ఏమిటో తెలియనివాళ్ళు ఈ వ్యాసం ఇక్కడితో ఆపి పెద్దవాళ్ళను అడగండి.

దుకాణం మూసి బస్సెక్కాను. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతూ ఒడ్డున గుడిలోని అంజన్నకు దండం పెట్టుకున్నాను. వనపర్తిలో ఒక బస్సు మారి, నాగర్‌కర్నూల్‌లో ఇంకొకటి మారి, దారిపొడుగునా వరుసల లెక్క వేస్తూనే ఉన్నాను. మన్ననూర్‌లో దిగగానే భాగ్యమ్మ ఎదురుపడి 'రా తమ్మీ' అన్నదంటే అంతా పోయినట్టే. ఆమె కంటే ముందు ఆమె భర్త మాసయ్యను పట్టుకోవాలి. మధు చెప్పిన ప్రకారం ఆయన ఫారెస్టు చెక్‌పోస్టు దగ్గర గేటు చూసుకుంటాడు. అంతకు ముందు చాలా ఏళ్ళు బొంబాయిలో బిల్డింగులు కట్టాడు. అంటే, సీనియర్ ఇసెకై హీరో!

నేరుగా గేటు దగ్గరే దిగి, "మాసన్నా, బాగున్నవా?" అన్నాను.

"బాగున్న తమ్మీ. ఏ ఊరు?" అన్నాడు ఆయన.

మాట పడింది! వెంటనే అందుకున్నాను. "మధుకు మేనమామను. నువ్వు నాకు అన్నవైతే మా అక్కకు గూడ అన్నవైతవు. గట్లయితే మధుకు నువ్వు గూడ మేనమామవే. అంటే వదినె వానికి పెద్దమ్మ కాదు, అత్త."

మాసయ్య గేటు తాడు పక్కన పెట్టి వేళ్ళ మీద లెక్క వేశాడు.

"నేను మేనమామ. ఇంట్లున్నది అత్త. మరి పిల్ల ఏమైతది తమ్మీ?"

నేను రోడ్డు వైపు చూశాను. ఆయన పకపకా నవ్వాడు. "గీ లెక్క చెప్పనీకె గద్వాలకెళ్ళి ఇంత దూరమొచ్చినవా! మా పిల్ల మొకం చూస్తెనే నాకు ఎర్కైంది." తర్వాత నవ్వు ఆపాడు. "మీ అక్కకు ఎర్కేనా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"వరుస కలిపేటప్పుడు ఎవ్వరేం అడుగరు తమ్మీ," అన్నాడు. "బొంబాయిల నన్ను బావా అన్నోళ్ళు ఎంతమందో. ఒక్క గిన్నెల తిన్నం. పండుగకు ఊర్లకు వచ్చినంక, అదే బావ ఇంటికి పోతె, అరుగు మీదనే కూసొవెట్టిండు. లోపలికి రమ్మనలే."

ఆ మాట ఆయన కోపంగా అనలేదు. అందుకే నాకు మరింత బాధ కలిగింది. ఒక లారీ వచ్చింది. ఆయన గేటు ఎత్తడానికి లేచాడు.

రాఖీ రోజు భాగ్యమ్మ పళ్ళెంలో రాఖీ పెట్టి కూతుర్ని పిలిచింది. అర్చన రాఖీ తీసుకొని, మధు ముందు నుంచే నడిచి, తిన్నగా చెక్‌పోస్టుకు వెళ్ళి గేటు కర్రకు కట్టింది. "ఇదే గద నాయినా, రోజు మమ్ముల పులులకెళ్ళి కాపాడేది!" అంది. భాగ్యమ్మ నోరు తెరిచింది, మాసయ్యను చూసింది, మూసింది. ఆ గేటుకు ఆ రాఖీ చాలా రోజులు అలాగే ఉంది. లారీ డ్రైవర్లు ఏదో కొత్త రూలు అనుకొని దాన్ని ముట్టలేదు.

ఇక మిగిలింది మా అక్క. అంటే రాక్షసరాజు అన్నమాట. ఆమె ఇది చదవదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

గద్వాల తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే నేను వెళ్ళేసరికి అక్క సీడు పత్తి చేనులో ఉంది. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మా గద్వాల చేలల్లో ఒక జాతి మగ సాలు, ఇంకో జాతి ఆడ సాలు వేస్తారు. మగ పువ్వు తెంపి ఆడ పువ్వుకు ఒక్కొక్కటిగా చేతితో తాకిస్తారు. దాన్ని క్రాసింగ్ అంటారు. అలా పుట్టిన విత్తనానికే రేటు! రెండు జాతులు కలవకపోతే మా తాలూకాలో మేడలు లేవు, మోటారు సైకిళ్ళు లేవు, నా దుకాణం అసలే లేదు.

అక్క పువ్వుకు పువ్వు తాకిస్తూ నేను చెప్పిందంతా విన్నది. చేతులు ఆగలేదు. చివరికి కులం ఒక్కటే అడిగింది.

"ఏమోళ్ళు?"

"అక్కా, నీ చేతుల ఉన్న పువ్వు ఏమోళ్ళది?" అన్నాను.

ఆమె ఆ పువ్వు తీసి నా మొహాన కొట్టింది. "పత్తి పెండ్లికి ఊరోళ్ళు రారు రా! మనుషుల పెండ్లికొస్తరు. రేపు నేను అదే ఊర్ల బతుకాలె."

అదీ నిజమే. ఆమె భయం నాకు అర్థమైంది. మా బావ వెంకటయ్య మాత్రం ఈ సంగతి వినగానే చేనుకు మందు కొట్టే పంపు బాగు చేసుకోవాలని వెళ్ళిపోయాడు. ఇబ్బంది వచ్చినప్పుడల్లా ఆ పంపు చెడిపోతుంది.

మర్నాడే అక్క మన్ననూర్‌కు బయల్దేరింది. నన్నూ లాక్కుపోయింది. ఆమె పథకం నాకు బస్సులోనే తెలిసింది. గొడవ లేదు, ఏడుపు లేదు. గడపలో నిలబడి భాగ్యమ్మను ఒక్కసారి, నలుగురూ వినేటట్టు 'అక్కా' అని పిలుస్తుంది. తల్లులు అక్కచెల్లెళ్ళయితే పిల్లలు అన్నాచెల్లెళ్ళు. పెళ్ళి ఖతం! నా ఆయుధంతో నన్నే కొట్టబోతోంది. అంజన్న గుడి దాటుతుంటే ఇద్దరం దండం పెట్టుకున్నాం. ఆయన ఎవరి మొర వినాలో పాపం!

బస్సు దిగగానే మధు సంచి అందుకున్నాడు. ఆ తర్వాత జరిగింది మా అక్క ఊహించనిది. 'ఊఁ' తప్ప పలకని కొడుకు దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు! "తాతా, మా అమ్మ!" అని హోటల్ వైపు కేక వేశాడు. "బావా, పొద్దుగాల చెప్పలే, మా అమ్మొస్తదని!" అని నాగేశ్‌ను ఆపాడు. ఎవరికి జ్వరం తగ్గిందో, ఎవరి మేక తప్పిపోయిందో, ఏ వాగు దగ్గర పులి నీళ్ళు తాగిందో తల్లికి చెబుతున్నాడు. అక్క నడుస్తూ నడుస్తూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. దుమ్ము పడిందంది. వాన పడి తడిసిన రోడ్డు మీద దుమ్ము ఎక్కడిది?

భాగ్యమ్మ గడపలో చెంబుతో నీళ్ళు పట్టుకొని నిలబడి ఉంది. ఆమె వెనక మాసయ్య. ఆయన వెనక, తలుపు చాటున, అర్చన. మధు సంచి కింద పెట్టలేదు. ఈ ఆడవాళ్ళిద్దరి నోటి నుంచి వచ్చే మొదటి మాట మీద వాడి బతుకు ఆధారపడి ఉంది. భాగ్యమ్మకూ ఆ సంగతి తెలుసు. ఆమె చెంబు ముందుకు చాపింది.

"వచ్చినవా వదినె?"

 అక్క ఆమె మొహం చూసింది. చెంబు చూసింది. కొడుకును చూసింది.

"వచ్చిన వదినె," అంది.

తర్వాత నేను అడిగితే, "నోట్లకెళ్ళి అదే వచ్చింది రా, నేనేం జేయాలె," అని కసిరింది. లోపల కూర్చున్నాం. అరుగు మీద కాదు, లోపల. రొట్టె, కూర వచ్చాయి. అక్క మొదటి ముద్ద మింగి, "ఉప్పు జర ఎక్కువేసినవ్ వదినె," అంది. భాగ్యమ్మ మొహం వెలిగిపోయింది! పరాయివాళ్ళ కూరకు ఎవరైనా వంక పెడతారా? చుట్టాల కూరకే పెడతారు. మధు ఆ రోజు మూడో రొట్టె అడిగి మరీ తిన్నాడు.

పెళ్ళి మాఘంలో అనుకుంటున్నారు. మా అక్క ఊళ్ళో అందరికీ చెప్పుకొస్తోంది. పిల్ల ఎవరని అడిగితే, "మాకు దూరపు చుట్టాలే అయితరు" అంటోంది. ఎంత దూరం అంటే, మన్ననూర్ అంత దూరం! అబద్ధం ఆడుతోందని నేను అనను. వరుస కలిపింది, అంతే. బావ పంపు కూడా బాగైంది.

కాబట్టి పాఠకులారా, ఇసెకై మంచిదని తేలింది కదా! ఆ కథల్లో నాకు బాగా నచ్చింది మంత్రాలు కావు, డ్రాగన్లు కావు. హీరో చెవులు సాగిన పిల్లను ఇష్టపడతాడు, కొమ్ములున్న పిల్లను ఇష్టపడతాడు, అప్పుడప్పుడు నక్క తోక ఉన్న పిల్లను కూడా ఇష్టపడతాడు. ఏ ఒక్క ఎపిసోడ్‌లోనూ, ఏ ఒక్క ముసలమ్మా వచ్చి 'ఏమోళ్ళు?' అని అడగదు. అలాంటి లోకం చూడాలంటే మనవాళ్ళు లారీ కింద పడాల్సి వస్తోంది!

అన్నట్టు, ఇంతదాకా చదివారు కదా. మధువాళ్ళు ఏమోళ్ళు, అర్చనవాళ్ళు ఏమోళ్ళు అని మీరు పేర్లలో, ఊర్లలో, కూరల్లో వెతుకుతూనే వచ్చారని నాకు తెలుసు. నేను ఎక్కడా రాయలేదు. ఇప్పుడు కూడా రాయను.

ఉండబట్టలేనివాళ్ళు బీచుపల్లి దగ్గర హైవే పక్కకు వచ్చి నిలబడండి. లారీలకు కొదవ లేదు. చేయెత్తితే ఏదో ఒకటి ఆగుతుంది. జాగ్రత్తగా ఎక్కి కూర్చొని, డ్రైవర్‌ను 'అన్నా' అని పిలవండి. ఆయన తన డబ్బా విప్పి రొట్టె ఇస్తే తినండి. ఆయన ఏమోళ్ళని మాత్రం అడగకండి.